వాన కోసం ఆగే గింజ

మే నెల మధ్యాహ్నం పల్నాటి చేలో నడిచేవాళ్లు కాలు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. కొన్ని నెర్రెల్లో చెయ్యి మణికట్టు దాకా దిగిపోతుంది. మిరప కోతలు అయిపోయాయి, పత్తి కట్టె పీకేశారు, చేను బోడిగా పడి ఉంది. మాచర్ల, గురజాల మెట్టల్లోనైనా, నరసరావుపేట చుట్టూ కాలవ కింది నేలల్లోనైనా ఆ నెలలో విత్తనం ఊసు ఎవరూ ఎత్తరు. వాన పడాలి, నేల పదునెక్కాలి, అప్పుడు అరక కట్టాలి. తాతలనాటి లెక్క అది.

ఆ లెక్కను తిరగరాసే వస్తువొకటి అరచేతిలో పెట్టుకుని చూద్దాం. శనగగింజంత ఉంటుంది. బూడిద రంగు, గరుకు పైపొర. గోటితో గీరితే ముందు తెల్లటి పొడి రాలుతుంది, తర్వాత నల్లటి పొడి, ఆ తర్వాత గట్టి మట్టి. ఇంకా గీరితే నడుమ ఒక సజ్జగింజ కనబడుతుంది. దీని పేరు విత్తన గుళిక. చుక్క తడి లేని దుక్కిలో, ఎండ మండిపోతుండగానే దీన్ని చల్లి, వాన వచ్చేదాకా దాని మానాన దాన్ని వదిలేస్తారు. తొలకరికి ముందే పొడి నేలలో విత్తే ఈ పద్ధతిని ప్రకృతి వ్యవసాయం కాగితాల్లో పీఎండీఎస్ అని రాస్తారు. ఊళ్లో మాత్రం 'నవధాన్యాలు చల్లడం' అంటేనే అర్థమవుతుంది. పెళ్లింట పాలికల్లో మట్టి పోసి నవధాన్యాలు మొలకెత్తించడం తెలిసిన జనానికి ఆ మాట కొత్తగా నేర్పక్కర్లేదు.

అలిసిపోయిన నేలను మళ్లీ బతికించే సేద్యం గురించి సభల్లో పెద్ద పెద్ద మాటలు వింటుంటాం. ఆ సేద్యపు కిటుకంతా ఈ గుళికలో ఇమిడి ఉంది. అందుకని పొర పొరా విప్పి చూడడం మేలు.

తడి, పొడి

పని ముందురోజు సాయంత్రం మొదలవుతుంది. 5 కిలోల ఆవుపేడను పల్చటి గుడ్డలో మూటకట్టి, 20 లీటర్ల నీళ్లలో మునిగేలా వేలాడదీస్తారు. వేరే గిన్నెలో లీటరు నీళ్లకు 50 గ్రాముల సున్నం కలిపి పెడతారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలున్న సీమలో సున్నానికి వెతుకులాట లేదు. తెల్లవారాక మూటను నీళ్లలో ముంచి పిండుతారు, మళ్లీ ముంచి పిండుతారు, మూడోసారీ అంతే. సారం నీళ్లలోకి దిగుతుంది, పీచు గుడ్డలో ఉండిపోతుంది. అందులో 5 లీటర్ల ఆవుమూత్రం, సున్నపు నీళ్లు, గట్టు మీది పిడికెడు మట్టి కలుపుతారు. ఇది బీజామృతం. 100 కిలోల విత్తనానికి ఈ కొలత సరిపోతుంది.

తర్వాత పొడులు. చెరువు బంకమట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి ఒక కుప్ప. పేడను బెల్లం, పిండితో కలిపి ఆరబెట్టి చేసే ఘన జీవామృతాన్ని మెత్తగా నలిపి ఒక కుప్ప. జల్లెడ పట్టిన కట్టెల బూడిద మరో కుప్ప. మూడూ మెత్తగా ఉండాలి. ఒక్క పలుకు మిగిలినా ఆ పలుకు చుట్టూ మట్టి చేరి, నడుమ గింజ లేని గుళిక తయారవుతుంది.

ముంగిట్లో పట్టా పరిచి గింజలు పోస్తారు. ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుంటారు. మూడో ఆమె వేపకొమ్మను బీజామృతంలో ముంచి గింజల మీద చిలకరిస్తుంది. వెంటనే బంకమట్టి పొడి చల్లుతుంది. పట్టా ఇటూ అటూ ఊగుతుంది, గింజలు దొర్లుతాయి, దొర్లిన ప్రతి గింజకూ పల్చటి మట్టి చొక్కా పడుతుంది. మళ్లీ చిలకరింపు, మళ్లీ పొడి, మళ్లీ ఊపు. ఒడుపంతా చిలకరింపులోనే ఉంది. తడి తక్కువైతే పొడి అంటదు, ఎక్కువైతే నాలుగు గింజలు కలిసి ఉండ కడతాయి. "చాల్లే వదినా, ముద్దయిపోద్ది" అన్న మాట పట్టా దగ్గర పదే పదే వినిపిస్తుంది. పప్పుజాతి గింజలతో మరీ జాగ్రత్త. అలసంద, పెసర, వేరుశనగ పొట్టు పల్చన. కాస్త నానితే చాలు, పొట్టు ముడతపడి ఊడివస్తుంది. అందుకే వాటికి తడి చూపించీ చూపించనట్టుగా చిలకరించి, వెంటనే పొడి వేసేస్తారు.

మట్టి పొరలు కుదిరాక ఘన జీవామృతం, అన్నిటికీ పైన బూడిద. కొలతలు, వరసలు ఊరికి కొంచెం మారుతుంటాయి గానీ మట్టి లోపల, బూడిద బయట అన్నది చాలాచోట్ల ఒకటే. ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పెడితే పైపొర గబగబా ఆరి, లోపలి తడి దాన్ని పగలగొట్టుకుని వస్తుంది. మాగాణిలో కోటి నెర్రెలు చూసిన చేతులకు ఆ సంగతి ఒకరు చెప్పాలా! ఆరిన గుళికలను గుప్పిట్లో ఆడిస్తే గలగలమనాలి, పొడి రాలకూడదు.

ఒక్కో పొర ఎందుకు

మే నెలలో వట్టి గింజను పొడి దుక్కిలో చల్లితే మూడు గండాలు. మొదటిది చీమలు, పిట్టలు. సజ్జ, కొర్ర లాంటి చిన్న గింజలను చీమలు రాత్రికి రాత్రే పుట్టలోకి మోసుకుపోతాయి. రెండోది ఎండ. మూడోది అన్నిటికంటే మోసకారి, దారినపోయే వాన. మబ్బు కమ్మి, నాలుగు చినుకులు రాలి, వేలెడు లోతైనా తడవకుండా వెళ్లిపోతుంది. ఆ తడిని నమ్మి గింజ మొలకెత్తుతుంది. మర్నాటి ఎండకు మాడిపోతుంది. మొలిచి చచ్చిన గింజ మళ్లీ మొలవదు.

గుళికలోని ఒక్కో పొర ఒక్కో గండానికి కాపలా. బూడిద చీమకు గిట్టదు. మట్టి గింజను పిట్ట కంటి నుంచి దాస్తుంది, ఎండ నేరుగా తగలకుండా అడ్డుపడుతుంది. మూడో గండానికి కూడా ఆ మట్టే జవాబు, అసలు తెలివి అక్కడుంది. నాలుగు చినుకుల తడిని బంకమట్టి తనలోనే పీల్చుకుని ఉంచుకుంటుంది, గింజ దాకా పోనివ్వదు. గట్టి వాన పడి, చుట్టూ నేల కూడా తడిసి, మట్టిపొర పూర్తిగా నానినప్పుడే నీళ్లు గింజను తాకుతాయి. అప్పటికి మొలకను నిలబెట్టేంత పదును నేలలో ఉంటుంది. ఎంత వాన పడితే మొలవవచ్చో కొలిచి చెప్పే మానికను గింజకు తొడిగారన్నమాట. ఇక మొలక వచ్చాక మొదటి వేరు దిగేది ఘన జీవామృతంలోకే, సూక్ష్మజీవులు ముందే కాపురం ఉన్నచోటికి. గుళిక ప్రతిసారీ గెలుస్తుందని కాదు. మోసపు వాన మరీ పెద్దదైతే ఇదీ మోసపోతుంది. అయితే వట్టి గింజకు లేని ఓపిక దీనికి వచ్చింది.

పట్టాలో ఎవరెవరు

ఇప్పుడు అసలు గింజల సంగతి. 'నవ' అన్న మాటేగానీ సంఖ్య తొమ్మిది దగ్గర ఆగదు. ఇరవై, ముప్పై రకాల దాకా పోతుంది. ఎకరానికి అన్నీ కలిపి పది పన్నెండు కిలోలు. శ్రీనాథుడు పల్నాడు వచ్చి జొన్నకూడు తినలేక చాటువుల్లో విసుక్కున్నాడని చెప్పుకుంటాం. ఆ జొన్న ఇక్కడ మొదటి వరసలో ఉంది. పక్కన సజ్జ, కొర్ర, రాగి. పప్పుల్లో పెసర, మినుము, అలసంద, ఉలవ, కంది. నూనెగింజల్లో ఆముదం, నువ్వు, ఆవ. పచ్చిరొట్టకు జనుము, జీలుగ, పిల్లిపెసర. కూరకు గోంగూర, తోటకూర, బెండ, గోరుచిక్కుడు. తీగలకు సొర, దోస. పూలకు బంతి.

చూడ్డానికి కలగాపులగం. నిజానికి పనుల పంపకం. జొన్న, సజ్జల పీచువేళ్లు పైమట్టిని జల్లెడలా అల్లి పట్టుకుంటాయి. కంది, ఆముదం తల్లివేళ్లు లోతుకు దిగి గట్టిపడిన అడుగుపొరలో దారి చేస్తాయి. పప్పుజాతి వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు తిండిగా మారుస్తుంది. సొర, దోస ఆకులు నేలకు నీడనిస్తాయి. తోటకూర, గోంగూర నెల తిరిగేలోపే ఇంటికి కూరవుతాయి. ఒక రకానికి వాన చాలకపోయినా ఇంకో రకం నిలబడుతుంది. ముప్పై రకాలూ ఒకేసారి ఓడిపోయే ఏడాది అరుదు.

పిడికెడు మట్టి

గుళికలు పడేముందు చేనుకు ఘన జీవామృతం చల్లుతారు, ఎకరానికి 400 కిలోలు. దాని తయారీ చెప్పడానికి సులువే. 100 కిలోల పేడకు రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, పిడికెడు మట్టి, కలపడానికి సరిపడా ఆవుమూత్రం. నీడలో ఆరబెట్టి, చిదిపి, గోనెసంచుల్లో దాస్తారు. దీని తోబుట్టువు ద్రవ జీవామృతం. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి లేదా ఉలవపిండి, మళ్లీ ఆ పిడికెడు మట్టి. పొద్దునా సాయంత్రం కర్రతో ఒకే దిక్కుకు తిప్పుతూ రెండు రోజులు పులియబెడతారు.

ఈ పట్టికలో అందరూ దాటేసే సరుకు ఆ పిడికెడు మట్టి. దాన్ని మందులు పడ్డ చేలోంచి తీయకూడదు. గట్టు మీదో, పాత చెట్టు మొదట్లోనో, కలుపుమందు తగలని చోట తీయాలి. ఆ మట్టిలో ఆ ఊరి సూక్ష్మజీవులు ఉంటాయి. బెల్లం వాటికి చురుకు పుట్టించే తీపి, పిండి వాటికి మాంసకృత్తులు, పేడ వాటి ఇల్లు. పెరుగు తోడుపెట్టినట్టే ఇదీ. 200 లీటర్ల జీవామృతాన్ని ఎరువు సంచితో తూచి నత్రజని ఎంత, భాస్వరం ఎంత అని లెక్కేస్తే నిరాశే మిగులుతుంది. తోడు చెంచాలో పాలెన్ని ఉన్నాయని ఎవరూ అడగరు కదా.

నెర్రె మూసుకునే తీరు

గుళికలు చల్లాక గుంటక తోలుతారు. పల్చటి మట్టి కప్పుకుంటే చాలు. పైన పత్తి ఆకు, జొన్న చొప్ప, ఏది దొరికితే అది పరుస్తారు. ఇక ఎదురుచూపు.

నల్లరేగడి స్వభావం తెలిస్తే ఈ పరుపు విలువ తెలుస్తుంది. ఈ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. నీళ్లు దాచుకోవడంలో దాన్ని మించింది లేదు గానీ, బోడిగా వదిలేస్తే దాచుకున్నదంతా నెర్రెల గోడల నుంచి ఆవిరైపోతుంది. నాపరాళ్ల సీమ కాబట్టి ఈ నేలల్లో చాలాచోట్ల సున్నం పాలెక్కువ. సున్నం భాస్వరాన్ని కట్టిపడేస్తుంది. రైతు వేసిన ఎరువులో పెద్దభాగం మట్టిలోనే ఉంటుంది, మొక్క చేతికి అందదు.

తొలకరికి గుళికలు మొలిచాక జరిగేది చూడండి. ఆకు ఎండలో వండుకున్న తిండిలో కొంత వేళ్ల నుంచి మట్టిలోకి జారుతుంది, చక్కెరలుగా, ఆమ్లాలుగా. ఆమ్లాలు కట్టుబడ్డ భాస్వరాన్ని కొంచెం కొంచెంగా విడిపిస్తాయి. చక్కెరల కోసం సూక్ష్మజీవులు, శిలీంధ్రపు దారాలు చేరతాయి. ఆ దారాలు వేరు అందుకోలేనంత దూరం పాకి, భాస్వరం తెచ్చిచ్చి చక్కెర తీసుకుంటాయి. వాటి జిగురు మట్టి రేణువులను చిన్న చిన్న ఉండలుగా అతికిస్తుంది. ఉండల మధ్య సందుల్లోంచి గాలి, నీళ్లు దిగుతాయి.

దీన్ని నమ్మడానికి ప్రయోగశాల అక్కర్లేదు. బోడి చేలోంచి ఒక మట్టిబెడ్డ, రెండు మూడేళ్లు పచ్చగా ఉంచిన చేలోంచి మరో బెడ్డ తెచ్చి నీడలో ఆరబెట్టండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వదలండి. మొదటిది చూస్తుండగానే బుడగలు కక్కుతూ విచ్చిపోయి, అడుగున బురదై కూర్చుంటుంది. రెండోది నిలబడుతుంది, నీళ్లు తేటగానే ఉంటాయి. జులై వాన చేలో పడినప్పుడు జరిగేదీ ఇదే. ఒక చేలో బురద లేచి పైన పొరకట్టి నీళ్లు వాగులోకి పోతాయి, ఇంకో చేలో లోపలికి ఇంకుతాయి.

బాధ్యత అప్పగింత

ఇంత చేసినా నవధాన్యాలు అసలు పంట కావు. పల్నాడు బతికేది మిరప మీద, పత్తి మీద. ఈ పద్ధతి వాటికి అడ్డు రాకుండా ఎలా ఒదిగిందన్నది మరో చక్కటి అమరిక. మిరప నారు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు. సాగర్ కుడికాలవ నీళ్లు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. జూన్ వానకు మొలిచిన నవధాన్యాలకు అప్పటికి 45 నుంచి 60 రోజుల వయసు. పూత దశకు వస్తూ, కాండం ఇంకా ముదరని సమయం. కోసి కొంత పశువులకు వేస్తారు, మిగిలింది అక్కడే కప్పుతారు లేదా కలియదున్నుతారు. బోడిగా గడిచే రెండు నెలలు నేలకు పని దొరికింది, మిరపకు ఒక్కరోజు ఆలస్యం కాలేదు. పత్తికి గడువు తక్కువ కాబట్టి, పత్తి సాలు పడేమేరకు బాట తీసి, నడుమ నవధాన్యాలను కొన్నాళ్లు ఉంచేవాళ్లూ ఉన్నారు.

కొన్ని మొక్కలను కావాలనే వదులుతారు. గట్ల చుట్టూ రెండు మూడు వరసల జొన్న, గాలికి కొట్టుకొచ్చే రసంపీల్చే పురుగులకు కంచె. అక్కడక్కడా ఆముదం, పొగాకు లద్దె పురుగుకు ఎర. తల్లి పురుగు వెడల్పాటి ఆ ఆకు వెతుక్కుని గుంపుగా గుడ్లు పెడుతుంది, ఆకు తుంచి నలిపేస్తే పని ముగుస్తుంది. బంతి, శనగపచ్చ పురుగుకు ఎర. అలసంద పని ఇంకా విచిత్రం. దానికి పేనుబంక పడుతుంది, పట్టనివ్వాలి. పేనుబంక తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. మిరప లేతగా ఉన్నప్పటికే చేలో వాటి సంతతి సిద్ధంగా ఉంటుంది. వాటి పిల్లపురుగు మొసలిపిల్లలా నల్లగా, పొడుగ్గా, తల్లి పోలిక ఒక్కటీ లేకుండా ఉంటుంది. తెలియనివాళ్లు దాన్నే పురుగనుకుని మందు కొట్టేస్తారు.

2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతలోకి దిగి, పువ్వులను కాయ కానివ్వకుండా రాల్చేసింది. కొట్టిన మందు మీద మందు కొట్టినా లొంగని ఆ ఏడాది ఇక్కడి రైతులకు బాగా గుర్తు. కంచె జొన్న, నీలిరంగు జిగురు అట్టలు, వేప కషాయం అలాంటి పురుగును తుడిచిపెట్టేస్తాయని చెప్పలేం. కానీ దాన్ని తినే పురుగులను కూడా చంపేసే సేద్యంలో రైతుకు తోడు ఎవరూ మిగలరని ఆ ఏడాది చూపించింది.

పట్టా కొసలు పట్టినవాళ్లు

ఈ పని గాలిలోంచి ఊడిపడలేదు. 2004 ప్రాంతంలో మహిళా పొదుపు సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యంగా మొదలైంది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన రైతు సాధికార సంస్థ చేతికి వచ్చి, సుభాష్ పాలేకర్ పద్ధతుల మీద జీరో బడ్జెట్ సేద్యంగా సాగి, తర్వాత సామాజిక ప్రకృతి వ్యవసాయం అన్న పేరు పెట్టుకుంది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయ్‌కుమార్ మొదటినుంచీ దీని వెన్నంటి ఉన్నారు. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి బహుమతిని శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెం, ఈ కార్యక్రమం ముగ్గురికీ కలిపి ఇచ్చింది. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ సేద్యానికి తగిన రుజువు లేదని గట్టిగానే అంది. దిగుబడి మీద ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

పల్నాటి రైతును అడిగితే ఇంకో రెండు చిక్కులు చెబుతాడు. మొదటిది, ఎండాకాలం చివర్లో ఒక్క చేను పచ్చబడితే ఊళ్లోని గొర్రెలన్నీ దానివైపే చూస్తాయి. పది చేలు కలిసి చల్లితే గానీ కాపలా కుదరదు. రెండోది కౌలు. గ్లాసులో బెడ్డ నిలబడడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కౌలు మాట ఏడాదికే. బాగుచేసిన నేల వచ్చే ఉగాదికి ఇంకొకరి చేతికి పోతుందని తెలిసి మట్టికి పెట్టుబడి పెట్టమనడం ఎవరికైనా కష్టమే. గింజకు ఓపిక తొడిగినంత సులువుగా కౌలు కాగితానికి తొడగలేం.

చివరగా ఒక చిన్న సంగతి. మన ఇళ్లల్లో పాతకాలం కందులు, పెసలు, విత్తనపు జొన్నలు కుండల్లో ఎలా దాచేవాళ్లో గుర్తు చేసుకోండి. కింద బూడిద, నడుమ గింజలు, పైన మళ్లీ బూడిద, కుండ మూతికి పేడ, మట్టి కలిపి మెత్తిన మూత. లోపల గింజ ఏడాదంతా పురుగు పట్టకుండా వాన కోసం ఆగేది. గుళికలోనూ అదే బూడిద, అదే పేడ, అదే మట్టి. గింజకో కుండ చొప్పున చేసి, అటక మీంచి దించి చేలో పెట్టారు, అంతే.

పట్టా దగ్గరి ఆడవాళ్లకు ఈ పోలిక కొత్త కాదు. వాళ్ల ఇబ్బంది వేరే ఉంది. ఇంటింటా గ్యాస్ పొయ్యి వచ్చాక బూడిద దొరకడం లేదు. అందుకని సంక్రాంతి దాటినప్పటి నుంచే, నీళ్లకాగుల కింద ఇంకా కట్టెలు పెట్టే ఇళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుని, డబ్బాల కొద్దీ అడిగి తెచ్చి దాస్తున్నారు.